బావ బూట్లకి నాను పెట్టిన బొట్టు

పోయిన ఆదివారం నా తెలివితేటల వల్ల పూర్ణా మార్కెట్లో సేపల సందు సందంతా ఆగిపోయింది! టీ తాగండి, సెప్తాను. నవ్వుకోండి పర్లేదు గానీ, మా అప్ప దగ్గర మాత్రం ఈ మాట ఎత్తకండి.

మా అక్కని మేం అప్పా అనే పిలుస్తాం. ఆవిడ మొగుడు, అంటే మా బావ, పోర్టులో క్రేన్ ఆపరేటరుగా సేసి రిటైరయ్యాడు. అంతెత్తున కూకుని టన్నుల బరువు అలవోకగా ఎత్తిన మనిషికి ఇప్పుడు తన కాలు తనకి లెగట్లేదు. పార్కిన్సన్స్. నడుస్తా నడుస్తా టక్కుమని ఆగిపోతాడు. గుమ్మాల దగ్గర, ఇరుకు సోట్లలో మరీని. కాళ్ళు నేలకి మేకులు కొట్టినట్టే! పోయినేడాది రోడ్డు మధ్యలో అలగే ఆగిపోతే, "పొద్దున్నే ఏసీసాడ్రా" అని జనం నవ్వారు. జన్మలో సుక్క ముట్టని మనిషి! ఆ రోజు నుంచి గేటు దాటలేదు. ఆదివారం సంచీ పట్టుకుని సేపలకి ఎల్లడమంటే ఆయనకి పండగ. అదీ మానీసాడు.

అలాంటిది, మధురవాడలో ఫిజియోథెరపీ సేసే అమ్మాయి రెండు డబ్బాలు ఇచ్చింది, నెల్రోజులు వాడి సూడమని. అగ్గిపెట్టంత ఉంటాయి. బూట్ల ముందర తగిలించాలి. ఒక కాలు నేలకి ఆనగానే ఆ బూటు నుంచి ఎర్రటి లేజర్ గీత ముందర పడతాది. రెండో కాలుతో ఆ గీత దాటాలి. అంతే!

శనివారం సాయంత్రం అప్ప వాళ్ళింట్లో ట్రయల్ ఏసాం. వంటింటి గుమ్మం దగ్గర బావ మామూలుగానే బిగుసుకుపోయాడు. గీత పడింది. బావ దాన్ని సూసాడు. కాలు లెగిసింది! దాటీసింది! తోసినోడు లేడు, లాగినోడు లేడు, ఉత్త ఎలుతురు గీత! మెదడులో ఒక దారి మూసుకుపోతే కళ్ళు ఇంకో దారి సూపిస్తాయని ఆ అమ్మాయి సెప్పినప్పుడు తలూపాను గానీ, నమ్మలేదండీ. అప్ప గరిటె సేతిలో పట్టుకునే ఏడ్సీసింది.

బావ మాత్రం కుర్చీలో కూకుని నెమ్మదిగా అన్నాడు. "రేపు మార్కెట్టుకి ఎల్దాంరా. అక్కడా నడిసానా, సరే. మళ్ళీ నలుగురిలో ఆగిపోయానంటే మాత్రం ఇంక నన్ను బైటికి రమ్మనకండి."

అప్పుడైనా నాను నా హద్దులో ఉండొచ్చు కదా? ఉండలేదు! కొత్త బండికి పూజ సెయ్యకుండా రోడ్డెక్కిస్తామా మనం? మా ఇంట్లో గ్రైండరుకి కూడా సేసాం. పొద్దున్నే పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, నిమ్మకాయలు పట్టుకుని దిగిపోయాను.

"ఏటిరా ఇది?" అన్నాడు బావ.

"బండి పూజ బావా. మనిషిని నడిపించేది ఏదైనా బండే!"

డబ్బా ముందర గుండ్రంగా బుల్లి అద్దం ఉంది. బొట్టుకి అంతకన్నా మంచి సోటేటి? కుంకుమ తడిపి రెండిటికీ దిట్టంగా పెట్టీసాను. అప్ప ఒక పక్క, నాను ఒక పక్క పట్టుకుని నిమ్మకాయలు తొక్కించాం. రసం సింది డబ్బాల మీద పడింది. శుభం అనుకున్నాను. ఆటో ఎక్కిందాకా ఇద్దరం సేతులు ఒగ్గలేదు కాబట్టి ఏటీ తెలీలేదు. అప్ప మసాలా నూరతానని ఇంట్లోనే ఉండిపోయింది.

మార్కెట్టు దగ్గర దిగి బావ నాలుగడుగులు బాగానే ఏసాడు. సేపల సందు మొదట్లో ఇరుకు. అక్కడ ఆగిపోయాడు. గీత కోసం కిందకి సూసాడు. గీత లేదు! ఎనకాల ఐసు పెట్టె నెత్తినెట్టుకున్న మనిషి, అతని ఎనక తోపుడు బండి, దాని ఎనక జనం. "పొద్దున్నే ఏటి మావా ఇది!" అని ఎవడో నవ్వాడు. బావ మొహం మాడిపోయింది. "ఇంటికి పోదాంరా" అన్నాడు గొంతులోనే. పోదామంటే మాత్రం ఎలగ పోతాం, కాలు కదిలితే కదా!

గబుక్కుని వంగాను. ఆఫ్ సేసాను, ఆన్ సేసాను, రెండు తట్టాను. ఆ అమ్మాయికి ఫోన్ సేసాను.

"పచ్చ లైటు వెలుగుతోందా సార్?"

"ఎలుగుతాందమ్మా."

"ముందున్న అద్దానికి ఏమైనా అడ్డం ఉందా?"

"ఏటీ లేదమ్మా. బొట్టు తప్ప."

"ఏం బొట్టు సార్?" అంది.

ఇప్పుడు నా ఉద్యోగం ఏటో సెప్పాలి. సెప్పకపోతే మీకు పూర్తి మజా రాదు. స్టీల్ ప్లాంటులో సెన్సార్ల మెయింటెనెన్సు! పాతికేళ్ళ సర్వీసు! "కన్వేయర్ బెల్టు ఆగితే ముందు సెన్సార్ తుడవండ్రా బుర్ర లేనోళ్ళారా" అని కొత్తగా సేరినోళ్ళ మీద అరిసేది నానే!

అక్కడే సేపల నీళ్ళలో మోకాళ్ళ మీద కూలబడ్డాను. జేబురుమాలుతో తుడిస్తే కుంకుమ ఇంకా పులుముకుంది. సందులో కాస్త లోపల కోనెం సేప కోస్తన్న ముసలమ్మ కత్తి కింద పెట్టి వచ్చింది. బావ ఆవిడకి పాత ఖాతాదారు. కొంగు తడిపి రెండు అద్దాలూ నిగనిగలాడేలా తుడిసింది. "కళ్ళు మూసీసి దారి సూపమంటే ఎలగ సూపిస్తాది బాబూ?" అంది నాకేసి సూసి.

తడి నేల మీద ఎర్రగా గీత పడింది.

బావ సూసాడు. కాలు లెగిసింది. దాటాడు. ఇంకో గీత. దాటాడు. ఐసు పెట్టె మనిషి "ఓరి నాయనో" అనుకుంటా తోసుకోకుండా ఎనకే నెమ్మదిగా నడిసాడు. నవ్వినోడు కూడా నోరు తెరుసుకుని సూస్తన్నాడు. గీత ఎనక అడుగు, అడుగు ముందర గీత. ఆ ముసలమ్మ గంప దాకా ఎల్లి, మొప్పలు ఎత్తి సూసి, "ఇది నిన్నటిది, తాజాది తియ్యి" అన్నాడు మా బావ. ఏడాది తర్వాత! నాను ఆ నీళ్ళలోనే ఉండిపోయాను. ఆ డబ్బాలకి నిజంగా దణ్ణం పెట్టాలనిపించింది. ఈసారి బొట్టు లేకుండా.

ఇయ్యాల మళ్ళీ ఆదివారం కదా. పొద్దున్నే తయారైపోయి ఫోన్ సేసాను. "వత్తన్నాను బావా, మార్కెట్టుకి ఎల్దాం."

"నువ్వొద్దురా. నాను ఆల్రెడీ సందులో ఉన్నాను."

"ఒక్కడివేనా? మళ్ళీ ఆగిపోతే ఎవరు సూస్తారు బావా?"

"ఏటీ పర్లేదు. నీ బదులు జేబులో గుడ్డముక్క పెట్టుకున్నాను."