బహ్రెయిన్‌లో గీసిన బడి

మా పెసరలంక బడి గోదావరి పాయల మధ్యన ఉంటుంది. దాని ప్లాను మాత్రం బహ్రెయిన్‌లో, రిఫా దగ్గరి లేబర్ క్యాంపులో, మా గది గోడ మీద బొగ్గుముక్కతో గీశారు. నమ్మనివాళ్లు నమ్మకపోనీండి. గీసినవాడు బుల్లబ్బాయి మేస్త్రి. "గోడ ఖరాబు చేస్తే క్యాంపు బాసు నన్ను తిడతాడయ్యా" అని అడ్డుపడినవాణ్ని నేను. నా పేరు శ్రీనివాసరాజు. మాదీ ఆ లంకే. మేమంతా పనిచేసే కట్టడాల కంపెనీలో స్టోర్‌కీపర్‌గా ఉండేవాణ్ని. సిమెంటు బస్తా కదలాలన్నా నా సంతకం పడాలి గనక అప్పట్లో నాకు కాస్త టెక్కు కూడా ఉండేది.

గల్ఫ్ వెళ్లినవాళ్లనగానే మన జనానికి రెండే గుర్తొస్తాయి. ఒకటి సెంటు సీసాలు, రెండోది ఏడుపులు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మావాళ్లు ఏడవలేదని కాదు. ఏడ్చారు, ఏడుస్తూనే ఒక బడి కూడా కట్టారు. ఆ సంగతి ఎవరూ చెప్పడంలేదు కాబట్టి నేను చెబుతున్నాను.

బుల్లబ్బాయి పొట్టి మనిషి. నోరు మాత్రం పొడుగు. తాపీ చేతబట్టి గోడకు పూత పూస్తే చెయ్యి వేసినా జారిపోవలసిందే. చదువు మూడో తరగతి దగ్గర ఆగింది. ఆగడానికి కారణం వాడి బుర్ర కాదు, బడే. మా బడి తాటాకుల పాక. వాడు మూడో తరగతిలో ఉండగా గాలివాన వచ్చి పాకను గోదాట్లో కలిపేసింది. మళ్లీ పాక వెయ్యడానికి ఊరికి రెండేళ్లు పట్టింది. ఈలోగా బుల్లబ్బాయి తండ్రి వెంట సిమెంటు కలపడానికి వెళ్లిపోయాడు, ఆ తర్వాత ఎవరూ వాణ్ని బడికి రమ్మనలేదు. "నాకు సదువబ్బలేదని ఎవరన్నా అంటే మాత్రం ఒప్పుకోనండి. బడే లేచెల్లిపోయింది" అనేవాడు. ఆ మాట నవ్వుతూ అనేవాడు గానీ లోపల ఎంత కష్టపెట్టుకున్నాడో నాకు తెలుసు.

అవతలి ఒడ్డున పెద్ద బడి ఉంది. వెళ్లాలంటే పడవ దాటాలి. వరదొస్తే పడవ కట్టేస్తారు, పిల్లల చదువు కూడా దాంతోపాటే ఒడ్డున పడి ఉంటుంది. అందుకని సుందర్‌రాజు మాస్టారు మా లంకలోనే ఉండి, పాక ఉన్నప్పుడు పాకలోనూ, లేనప్పుడు ఎవరిదో ఒకరి పశువుల సావిట్లోనూ పాఠాలు చెప్పేవారు.

1991లో యుద్ధం వచ్చింది. కువైట్ సంగతి ప్రపంచమంతా ఎరిగిందే. బహ్రెయిన్‌లో మాకు పని ఆగిపోయింది. సైరన్ మోగితే గదుల్లో కూర్చోవడం, ఆగితే టీ పెట్టుకోవడం. బతుకుతామో లేదో తెలియని ఆ రోజుల్లో ఒక్కొక్కడూ ఇంటికి వెళ్తే ఏం చేస్తాడో చెప్పుకొస్తున్నాడు. ఒకడు పొలం కొంటానన్నాడు, ఒకడు మేడ కడతానన్నాడు. బుల్లబ్బాయి లేచి బొగ్గుముక్క తీసుకుని గోడ మీద రెండు గదులు, ముందో వరండా గీసి "బడి" అన్నాడు.

అందరూ నవ్వారు. పెట్టుబడి ఎవడు పెడతాడని అడిగారు.

"డబ్బులడిగితే మీరివ్వరు. నన్నడిగితే నేనూ ఇవ్వను. పనడుగుదాం" అన్నాడు. "సెలవు మీద ఎల్లినోడెవడైనా సరే, మొదటి వారం బడి పని సెయ్యాల. ఎవడి సేతిలో ఏ పనుంటే అది. ఆ తర్వాతే పెళ్లాం, పిల్లలు, సుట్టాలు."

దానికి బడివారం అని పేరు పెట్టాం. ఇసుక గోదావరిది. ఇటుకలు ఊరివాళ్లవి. సిమెంటుకీ ఇనుముకీ తలా కాస్త వేసుకున్నాం. పనంతా సెలవుల్లో జరిగింది. ఒకడు వెళ్లి పునాది తవ్వాడు, ఇంకొకడు వెళ్లి గోడలు లేపాడు. వడ్రంగి వీరబాబు వెళ్లి తలుపులూ బల్లలూ చేశాడు. రెండేళ్లకోసారి ఇంటికొచ్చిన మొగుడు మూటాముల్లే దింపి బడి దగ్గరికి పోతే ఏ పెళ్లాం ఊరుకుంటుంది? బుల్లబ్బాయి భార్య శ్రీదుర్గ అన్నం క్యారియర్ తెచ్చి, కట్టిన గోడ మీద ఠప్పున పెట్టి, మొగుడి మొహం కూడా చూడకుండా వెళ్లిపోయిందట. "ఆ సప్పుడికే గోడ గట్టిదని తేలిపోయిందండి" అని వాడు మాకు చెప్పి నవ్వించాడు.

1994 ఎండాకాలంలో బుల్లబ్బాయే వెళ్లి స్లాబు వేశాడు. మా లంకలో మొట్టమొదటి స్లాబు అది. తిరిగి వచ్చాక వాడి నడకే మారిపోయింది. క్యాంపులో అన్నం దగ్గర కూర్చుంటే బడి, బస్సెక్కితే బడి. మాకూ గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు.

శుక్రవారాల్లో మేమంతా మనామా సూక్ బజారు వెనక ఒక టీకొట్టు దగ్గర కలుసుకునేవాళ్లం. ఆగస్టులో ఒక శుక్రవారం అక్కడికి నరసాయమ్మ వచ్చింది. ఆవిడది మా లంకే, రిఫాలో ఒక ఇంట్లో పనిచేస్తుంది. సెలవుకి వెళ్లి అప్పుడే తిరిగొచ్చింది. మనవరాలు సాయికుమారి మా బడిలోనే రెండో తరగతి. ఊరి కబుర్లు చెబుతుందని అందరం చుట్టూ మూగాం. ఆవిడ బుల్లబ్బాయి వైపు తిరిగింది.

"బాగా కట్టావురా తమ్ముడూ. పైన సెరువు కట్టి కింద పిల్లల్ని కూకోబెట్టావు."



"ఏటక్కా నువ్వనేది?" అన్నాడు బుల్లబ్బాయి.

"స్లాబు మీద వాననీరు మడుగు కట్టేసింది. వారం తిరక్కుండా కారడం మొదలెట్టింది. మాస్టారు ఓ సేత్తో గొడుగు, ఓ సేత్తో సుద్దముక్క. వీరబాబు సేసిన బల్లలు నాని ఉబ్బిపోయాయి. సగంమంది పిల్లల్ని ఇళ్లకి తీసుకుపోయారు. మా సాయికుమారి కూడా ఇంటికాడే ఉంది."

బుల్లబ్బాయికి కోపం నషాళానికి ఎక్కింది. సిమెంటు బాగోలేదన్నాడు. ఇటుక బాగోలేదన్నాడు. ఎవడో పైకెక్కి తవ్వి ఉంటాడన్నాడు.

"ఎవడూ తవ్వలేదురా. నీళ్లు పోవడానికి దారేది? మనిషెత్తు పిట్టగోడ కట్టావు. నీళ్లు ఎక్కడికి పోతాయి, ఎగిరి దూకుతాయా?" అంది నరసాయమ్మ. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. మండలం నుంచి ఆఫీసరు వచ్చి చూసి వెళ్లాడట. వచ్చే వానాకాలం కూడా ఇలాగే కారితే బడి ఎత్తేసి, పిల్లల్ని అవతలి ఒడ్డు బడిలో కలిపేస్తామన్నాడట.

అంటే మళ్లీ పడవ. మళ్లీ వరదొస్తే ఇల్లు. ఇంకెంతమంది బుల్లబ్బాయిలు మూడో తరగతిలో ఆగిపోతారో ఎవరికి తెలుసు?

 ఆ వారమంతా తోటివాళ్లు మాట్లాడిందే వాడికి ఎక్కువైంది. బల్లలు పాడయ్యాయని వీరబాబు కుమిలిపోయి, ఇక బడివారం గిడివారం జాన్తా నై అన్నాడు. ఊళ్లోవాళ్లయితే బడి మీద చేపలు పెంచుకుందామని వేళాకోళాలాడుతున్నారట.

ఒకరోజు సామాన్ లెక్క చూసుకోవడానికి సైటుకి వెళితే, కడుతున్న విల్లా పైకప్పు మీద బుల్లబ్బాయి ఒక్కడే నిలబడి ఉన్నాడు. నన్ను పైకి పిలిచాడు.

"రాజుగారూ, సూడండి. ఇక్కడ ఆడోళ్లు మేడెక్కితే కనపడకూడదని పిట్టగోడ ఇంతెత్తు కడతాం. వాన సంగతి ఆ ఇంజినీరు సూసుకుంటాడు, గీసిందే మనం ఏత్తాం. ఏడాదికి నాలుగు జల్లులు, అయ్యీ రెండు నిమిషాల్లో ఆరిపోతాయి. పదేళ్లు ఇయ్యే కప్పులేసి, ఊల్లో కూడా ఇదే ఏసొచ్చానండి." పిట్టగోడ మీద అరచేత్తో చరిచాడు. "గోదారొడ్డున పుట్టినోణ్ని. వాన మర్సిపోవడమేటండి, రాజుగారూ?"

వేరే రోజైతే నేను ఆ మాటకి పొట్టపట్టుకుని నవ్వేవాణ్ని. ఆ రోజు నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఊరి మీద ప్రేమతో కట్టిందాన్లో ఊరే లేకుండా పోయింది. ఇన్నాళ్లు పరాయిచోట ఉంటే చెయ్యి ఆ చోటుదైపోతుంది కాబోలు. అది వాడొక్కడి తప్పని నేను ఇప్పటికీ అనుకోను. గోడ మీద ఆ బొగ్గు ప్లాను మూడేళ్లు మా కళ్లెదుటే ఉంది, వాన గురించి మాలో ఒక్కడూ అడగలేదు.

ఇక్కడ ఇంకో చిక్కు. ఆ చలికాలంలోనే అద్లియాలో కొత్త సైటు మొదలవుతోంది. దానికి బుల్లబ్బాయిని ఫోర్‌మన్ చేస్తానని మాకు వీసాలిచ్చిన యజమాని, మా కఫీల్ అబూ జాసిం నోటితో చెప్పి ఉన్నాడు. ఫోర్‌మన్ అంటే ఎండలో తాపీ పట్టక్కర్లేదు. విడిగా గది ఇస్తారు. పదేళ్లుగా వాడు దానికోసమే ఎదురుచూశాడు. స్లాబు బాగుచెయ్యాలంటే వాన లేని రోజుల్లోనే వెళ్లాలి, అంటే సరిగ్గా అప్పుడే.

వాడు నన్ను తోడు తీసుకుని ఆఫీసుకి వెళ్లి సెలవడిగాడు. అబూ జాసిం చెడ్డవాడు కాదు. సైటు ఆగితే ఆయనకీ నష్టమే. మా హిందీలోనే అడిగాడు: "ఛుట్టీ అభీ? తో ఫోర్‌మన్ ఖలాస్. దూస్రా ఆద్మీ ఆయేగా. సోచో."

ఇప్పుడు సెలవంటే ఫోర్‌మన్ పని పోయినట్టే, ఇంకొకడు వస్తాడని ఆయన మాట. ఆలోచించుకోమని నేనూ మోచేత్తో పొడిచాను. బుల్లబ్బాయి ఒక్క క్షణం కూడా తీసుకోలేదు.

"ఖలాస్ అంటే ఖలాసేనండి. ఆఫీసులో ఉన్న నా పాస్‌పోర్టు ఇప్పించండి" అన్నాడు నాతో.

బయటికొచ్చాక నేను నానా తిట్లూ తిట్టాను. వాడు అన్నిటికీ "ఆయ్, ఆయ్" అంటూ నడిచాడు.

జనవరిలో వెళ్లి ఫిబ్రవరి చివర్లో వచ్చాడు. పిట్టగోడ పడగొట్టి, స్లాబు మీద ఒకవైపు వాలుగా వాటం పెట్టి, కొత్తగా పూత పూసి, నీళ్లు జారడానికి గొట్టాలు అమర్చి వచ్చానన్నాడు. "ఈసారి ఖాయమేనా?" అని అడిగితే "వాన సెప్పాలండి" అన్నాడు. అంతకుముందు బడి గురించి ఊదరగొట్టినవాడు ఇప్పుడు ఒక్క ముక్క ఎత్తడు. అద్లియా సైటుకి వాడికన్నా చిన్నవాడు, కేరళ నుంచి ఒక మలబారీ, ఫోర్‌మన్‌గా వచ్చాడు. వాడి కింద బుల్లబ్బాయి మామూలు మేస్త్రిగానే డ్యూటీకి ఎక్కాడు. ఆ కుర్రాడు "యల్లా భాయ్, యల్లా" అని తొందరపెడుతుంటే నాకు కడుపు రగిలిపోయేది. బుల్లబ్బాయికి మాత్రం ఆ ధ్యాసే లేదు. మనసంతా జూన్ మీద ఉంది.

జూన్ వచ్చింది. బహ్రెయిన్‌లో ఎండకు ఇనపకడ్డీ ముట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కుతోంది. మా లంకకి అప్పటికి ఫోను లేదు. శ్రీదుర్గ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. వానలు బాగా పడుతున్నాయనీ, గేదె ఈనిందనీ రాసింది. బడి గురించి అక్షరం లేదు! "ఈవిడికి గేదె కనపడింది గానీ బడి కనపళ్లేదండి" అని తల బాదుకున్నాడు. అన్నం సరిగా తినేవాడు కాదు. కారుతోందనే ఆవిడ దాచిందని వాడి భయం. పైకి అనలేదు గానీ నా భయమూ అదే.

ఆగస్టులో వీరబాబు సెలవు నుంచి తిరిగొచ్చాడు. శుక్రవారం పొద్దున్న క్యాంపులో అందరం వాడి మీద పడ్డాం. బడి సంగతేమిట్రా అంటే నోరు విప్పడు. మొహం చూస్తే మంచో చెడో పోల్చుకోలేం. సంచిలోంచి ఒక క్యాసెట్టు తీసి, "మాస్టారు ఇమ్మన్నారు" అని టేపురికార్డర్‌లో పెట్టి మీట నొక్కాడు.

ముందు పెద్ద హోరు వినిపించింది. టేపు చెడిపోయిందనుకున్నాం. కాదు, అది వాన. మా లంక మీద పడే వాన. సంవత్సరాల తరబడి ఆ చప్పుడు వినని ఇరవైమంది మగవాళ్లం మంచాల మీద, కింద, గుమ్మంలో కదలకుండా ఉండిపోయాం. దాంట్లోంచి సుందర్‌రాజు మాస్టారి గొంతు, అరిచినట్టుగా వినిపించింది.

"ఒరే బుల్లబ్బాయ్, నేన్రా. ముసురు పట్టింది. బడిలో కూర్చునే మాట్లాడుతున్నాను. నిన్న ఆఫీసరు వచ్చాడు, ఈ వానలోనే. గోడలన్నీ తడిమి చూశాడు. పొడిగా ఉన్నాయిరా. బడి ఇక్కడే ఉంటుందని చెప్పి వెళ్లాడు. ఇదుగో, నీ గొట్టం దగ్గరికి వెళ్తున్నాను, విను."

ధార కట్టి నీళ్లు కింద పడుతున్న చప్పుడు గదంతా నిండిపోయింది. ఇక మావాళ్లు ఆగుతారా? కేకలు, ఈలలు. ఒకడు పళ్లెం వాయించాడు. బల్లలు మళ్లీ చేసి వచ్చానని అప్పుడు నోరు విప్పి వీరబాబు బుల్లబ్బాయిని ఎత్తి తిప్పేశాడు. నేను ఏడ్చాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. అబూ జాసిం ఇచ్చే ఏ గదిలోనూ ఇంత గొప్ప శుక్రవారం ఉండదనిపించింది.

టేపు ఇంకా తిరుగుతోంది. మాస్టారు లోపలికి వెళ్లినట్టున్నారు, నీళ్ల చప్పుడు తగ్గి పిల్లల గొంతులు వినపడుతున్నాయి. పన్నెండో ఎక్కం. వానతో పోటీపడి, ఒక్క గొంతుగా అప్పజెబుతున్నారు. మా గోలలో అది సరిగా వినపడటంలేదు.

బుల్లబ్బాయి వీరబాబు చేతుల్లోంచి కిందికి దిగి, కోపంగా మా అందరికేసి చెయ్యెత్తాడు.

"అరవకండెహె! పిల్లలు సదువుకుంటన్నారు."

గది నిశ్శబ్దమైపోయింది. ఎక్కం అయ్యేదాకా మేమెవరం నోరు మెదపలేదు.