నేతముడి వేసిన చంద్రుడు

మా బడి సైన్స్ టీచరమ్మ పాలమూరు దవాఖానలో పోయిందని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. మధ్యాహ్నానికల్లా పాత ఉపాధ్యాయుల గ్రూపు చేతులు జోడించిన బొమ్మలతో నిండిపోయింది. ‘బోధనకే అంకితమైన మహనీయురాలు’ అని అందరికంటే ముందు రాసినాయన, ఆమెను స్టాఫ్‌రూములో ‘కత్తెర టీచర్’ అని వెక్కిరించిన లెక్కల మాస్టారే. ఆయన సంగతి అంతే. ఇక నా సంగతి. కోస్గి దగ్గరి ఆ బడికి అప్పుడు హెడ్మాస్టర్‌ని నేను.

ఆమెది నారాయణపేట నేత కుటుంబం. ఏ పాఠమైనా ముందు పిల్లల చేతుల్లోకి రావాలి. కాగితం పట్టీ లాగితే గుండెలోంచి రక్తం బయల్దేరేది. మడత ఎత్తితే గింజలో మొలక కనిపించేది. అట్టచక్రం తిప్పితే చిన్న కిటికీలో చంద్రుడు పెరిగి తరిగేవాడు. అట్టలంటే ఊళ్లోని పాత పెళ్లి పత్రికలే. చక్రం నడుమ దారంతో నేతముడి వేసేది. “తిరగాలె, ఊడొద్దు. గంతే,” అనేది. కత్తెర పెట్టేముందు మాత్రం పత్రిక మీద తేదీ చూడాల్సిందే. ఇంకా కాని పెళ్లి పత్రికను కోస్తే జంటను విడదీసినట్టేనని మా వైపు నమ్మకం.

జిల్లా సైన్స్ ప్రదర్శన దగ్గర పడ్డాక అట్టలు చాలలేదు. నా సొరుగులోని పత్రికల కట్ట తీసి ఇచ్చాను.

“అన్నీ పాతవేనా సార్?”

“పాతవే, కానియ్యండి మేడమ్,” అన్నాను. చూడకుండానే.

మర్నాడు గొర్రెల కాపరి ఒకాయన చేతికర్రతో బడిలోకి వచ్చాడు. వారంలో కూతురి పెళ్లి. బడి వెనక పారేసిన కత్తిరింపుల్లో ఆ పిల్ల పేరున్న ముక్క ఎవరో తెచ్చి అతనికిచ్చారు.

“నా బిడ్డ పెండ్లి ఇంక కానేలేదు, పేర్లు నడిమికి కోస్తరా? ఈ పత్రిక ఎవలిచ్చిండ్రు? చెప్పుండ్రి!”

కర్ర నేలకు తాటించాడు. టీచరమ్మ నా వైపు చూడలేదు. చంద్రుడి చక్రాన్ని అరచేతికి అదిమి పట్టుకుంది.

“నాదే తప్పన్నా. తేది చూడలే.”

“తప్పంటే అయిపాయెనా టీచరమ్మా?”

ఆమె బడి వెనక్కి నడిచి, వంగి కత్తిరింపుల్లో పెళ్లికొడుకు పేరున్న ముక్క వెతికింది. రెండు ముక్కలకూ సూదితో పొడిచి దారం ఎక్కించి ముడి వేసింది. “మా నాయిన మగ్గం మీద నేర్పిన ముడన్నా. గుంజి చూడు.”

గుంజి చూశాడు. “ఊడితె మల్లొస్త,” అని తలపాగలో దోపుకుని వెళ్లిపోయాడు.

అతను చల్లబడ్డాడు. నేనే చల్లబడలేదు. పైవాళ్లకు తెలిస్తే అడుగుతారని చక్రాన్ని ప్రదర్శన జాబితాలోంచి కొట్టేశాను. ఆమెకు మెమో ఇచ్చాను. ధైర్యం గురించి నేను చదివిన పుస్తకాలు బీరువాలో పట్టవు. ‘ఇచ్చింది నేనే’ అన్న ముక్క మాత్రం నోటికి రాలేదు.

మెమో మీద సంతకం చేస్తూ ఒక్కటే అడిగింది. “తప్పు నాదంటిరి, సరే. పిల్లలు చేసిన చంద్రుని ఎందుకాపుతున్నరు సార్?”

నిన్న పరామర్శకు వెళ్తే, ఆమె భర్త అట్టపెట్టెలోంచి ఆ చక్రాన్ని తీశాడు. “మీకు ఇయ్యమన్నది సార్. పిల్లలు చేసింది, పారేయొద్దన్నది.”

తిప్పాను. ముడి వదులు కాలేదు. కిటికీలో సన్నని నెలవంక వచ్చి ఆగింది. చక్రాన్ని బోర్లించి చూశాను. పత్రిక ఇస్తూ ఆ గొర్రెల కాపరి రాసిన వంకర అక్షరాలు: ‘హెడ్మాస్టర్ సారుకు’. ఆ రోజు ఆమె అరచెయ్యి కప్పి ఉంచింది ఆ రాతనే.