అక్క గ్యాసు, దేవుడి పిడకలు

ఆ రోజుల్లో కొత్తగా ఉద్యోగం దొరికినవాడికి లోకంలో తనకు తెలియనిదేదీ లేదనిపించేది. ఎనభయ్యో దశకం మొదట్లో నా పని పల్లెపల్లెకూ తిరిగి గోబర్ గ్యాసు మీద ఉపన్యాసాలివ్వడం. (ఎమ్మిగనూరులో మగ్గాల మధ్య పెరిగినవాణ్ణి. ఎద్దు ఎదురొస్తే పక్కకు తప్పుకునేవాణ్ణి, పేడ గొప్పతనం మాత్రం గంటసేపు చెప్పేవాణ్ణి.) "పేడతో వండిన కూడు తినల్లా!" అని జనం ముక్కున వేలేసుకునేవాళ్లు. చివరికి నా పోరు పడలేక, కైరుప్పలలో మా అక్క అత్తగారొక్కతే ఒప్పుకుంది. పత్తికట్టె పొగకు అక్క కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. నా ఆరాటమంతా ఆ కళ్ల కోసమే.

పెరట్లో గుంత కట్టించి, రోజూ పేడనీళ్లు పోయించి, పైన ఇనుప డ్రమ్ము బోర్లించాం. గ్యాసు నిండేకొద్దీ డ్రమ్ము పైకి లేచేది. వంటింటి గ్యాసుపొయ్యిలో మొదటిసారి నీలిమంట వెలిగినప్పుడు అత్తగారు బెదిరిపోయి రెండడుగులు వెనక్కి వేసి దండం పెట్టింది. అయినా నమ్మకం కుదరలేదు. "మీ పెద్దసారును పిల్సుకోని రాప్పా. ఆయప్ప ముందర కాఫీ కాగితే సరి, లేకుంటే ఈ గుంత పూడ్సి ఈడ గడ్డివామి ఏపిస్తా" అంది. నేను మహా తెలివిగా ఉగాది మరునాటికి ముహూర్తం పెట్టాను. ఆ రోజు కైరుప్పల రెండు పక్షాలై దేవుడి పేరున పిడకలతో కొట్టుకుంటుంది. సారు వేడుకా చూస్తాడు, పొయ్యీ చూస్తాడు. ముహూర్తం పెట్టాక ఆ నెలరోజులూ నేను వేరే ఊళ్లు తిరుగుతూ అటువైపు పోనేలేదు.

ఆదోని నుంచి సారును బస్సులో తీసుకొచ్చి, వసారాలో మంచం మీద కూర్చోబెట్టి, వంటింట్లోకి పోయి పుల్ల గీశాను. మంట లేదు. ఇంకోటి గీశాను. లేదు. పెరట్లోకి పరుగెత్తితే డ్రమ్ము గుంత అడుక్కి దిగిపోయి ఉంది! నా పైప్రాణాలు పైనే పోయాయి. "పేడ పొయ్యలేదా అక్కా?" అంటే అక్క తల దించుకుంది. అత్తగారే నాకంటే నిర్ఘాంతపోయి నన్ను చూసింది. "యాడిదప్పా పేడ? నెలనుంచి మన గొడ్లదంతా పిడకలు సేసి గుడికాడికి తోలితిమి. దేవునికి తక్కువ సేసి నీ గుంతలో పోస్తారా యాడన్నా?" చిన్నప్పటి నుంచి ఆ పిడకల పోరు గురించి వింటున్నవాణ్ణి, ఆ పిడకలు ఎక్కడినుంచి వస్తాయో ఒక్కనాడూ ఆలోచించలేదు! (పేడ మీద ఉపన్యాసకుణ్ణి మరి.)

"సారు ఉత్త నోటితో పోకూడదు" అంటూ అత్తగారే పాత కట్టెలపొయ్యి ముందు కూర్చుంది. కోడలొచ్చాక ఆమె పొయ్యి ఊదిన పాపాన పోలేదు. రాజేయడానికి ఇంట్లో ఒక్క పిడక లేదు, అన్నీ గుడి దగ్గరే. పత్తికట్టె అంటుకోక ఇల్లంతా పొగ కమ్మింది. ఊదింది, దగ్గింది, మళ్లీ ఊదింది. వసారాలో సారు ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి ఆమె గోడ పట్టుకుని బయటికొచ్చింది. కళ్లనిండా నీళ్లు, మొహమంతా మసి. అక్కను కొత్తమనిషిని చూసినట్టు చూసి, "దినామూ ఇట్లనే ఉండెనా నీకు?" అంది. "ఊ, అత్తా" అంది అక్క. నా ఉపన్యాసాలన్నీ కలిపినా ఆ "ఊ" పాటి చేయవు.

సారు కాఫీ లేకుండానే వేడుక చూడబోయి, భుజానికొక పిడక తగిలించుకుని, గుడిలో ఆ దెబ్బకు విభూతి పూయించుకుని తిరిగొచ్చాడు. నా ఉద్యోగానికి నీళ్లొదులుకున్నాను. అత్తగారు పార తెస్తుందని బిక్కచచ్చి నిలబడితే, ఆమె కొట్టంలోంచి పచ్చిపేడ గంప మోసుకొచ్చి గుంత దగ్గర దించింది. "సారూ, ఇంగో తూరి రాండి. కాఫీ ఈ గ్యాసు మీదనే ఇస్తా. వచ్చే ఏడు దేవునికి ఒగ గంప, మిగిలిందంతా నా కోడలికి" అంది. దేవుడేమన్నాడో తెలియదు గానీ, సారు మాత్రం భుజం రుద్దుకుంటూ సరేనన్నాడు.

ఇప్పుడు ఆదోని దారి పొడుగునా చేలల్లో సోలారు పలకలు కనిపిస్తున్నాయి. ఈమధ్య మా మిద్దె మీద కూడా పెట్టిస్తానంటూ ఒక నూనూగు మీసాల కుర్రవాడు వచ్చి, ఊపిరి తిప్పుకోకుండా వాటి గొప్పతనం చెప్పాడు. అంతా విని, "ఎండాకాలం ఆ మిద్దె మీదే మా ఆవిడ వడియాలు పెడుతుంది నాయనా, ఆమెనేమైనా అడిగావా?" అన్నాను. పాపం, వాడు తెల్లబోయాడు. ఆ మొహం నేను బాగా ఎరిగినదే. కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాను.