వలలో కోసిన కిటికీ

2023 జనవరి మధ్యలో, బాగలూరు దగ్గర నారాయణప్ప గులాబీ తోట. తోటంటే పాలీహౌస్: పైన ప్లాస్టిక్ కప్పు, చుట్టూ ఇన్సెక్ట్ నెట్ అనే సన్నని వల. పురుగును లోపలికి రానివ్వకపోవడం ఆ వల పని. వచ్చేసిన పురుగు సంగతి చూడటం నా పని. హొసూరు చుట్టుపక్కల పూలతోటలకు తెగుళ్ల సలహాలిచ్చే ఉద్యోగం నాది.

ఫిబ్రవరి పద్నాలుగుకి ప్రేమికులకు ఎర్ర గులాబీ కావాలి. అది విమానం ఎక్కాలంటే రేకు మీద గీత ఉండకూడదు. నారాయణప్ప ఏడాదంతా కాచుకునేది ఆ ఒక్క కోత కోసమే. ఇంకో రెండు వారాల్లో కోతనగా రేకుల అంచులు మాడుతున్నాయి. మొగ్గ విప్పి తెల్లకాగితం మీద దులిపితే త్రిప్స్ రాలాయి. నువ్వుగింజలో సగం కూడా ఉండని పురుగులు, రేకుల రసం పీలుస్తాయి.

నారాయణప్ప తీర్పు అప్పటికే సిద్ధంగా ఉంది. పక్కతోట వెంకటేశప్ప ఏదో చేయించాడని. వాని పూలకు లేని పురుగు నా పూలకే యాడనించి వచ్చిందని అడిగాడు. త్రిప్స్‌కి మంత్రాలు రావని చెప్పి, నీలం స్టికీ ట్రాప్‌లు కట్టాను. జిగురు పూసిన అట్టలవి; ఏది ముందు నిండితే పురుగు అటునుంచి వస్తున్నట్టు.

మూడో రోజుకి పడమటి మూల అట్ట నల్లబడింది. అక్కడొక ప్లాస్టిక్ కుర్చీ. కూర్చుంటే సరిగ్గా కళ్లకెదురుగా, వలలో నోటుపుస్తకమంత కిటికీ. కత్తెరతో ఎంతో శ్రద్ధగా కోసింది. అందులోంచి వెంకటేశప్ప గులాబీలు దివ్యంగా కనబడుతున్నాయి.

“ఇదేమిటన్నా?”

“వల అడ్డమొచ్చి సరిగ్గా కనపడలేదప్పా,” అన్నాడు నేల చూస్తూ. “వాని కాడలు నా వాటికంటే జానెడు పొడుగు. పొద్దున్నే చూడకపోతే కాఫీ దిగదు. చూస్తే అన్నం దిగదు.”

కాడల పొడుగు కొలిచి పూలను వేరుచేసే మునెమ్మ అక్కడే ఉంది. వాళ్లింట్లో కొలిచేది బుద్ధుణ్ణి. నారాయణప్ప ఆమె వైపు తిరిగి, తనకు ఎక్కువేమీ వద్దని, వానితో సమానంగా ఉంటే చాలని వాదించాడు.

“ఎక్కువనేదీ కొలతే, తక్కువనేదీ కొలతే, సమానమనేదీ కొలతే. మూడూ ఒకే రోగమంటాడు మా బుద్ధుడు,” అందామె పని ఆపకుండా. “నేను దినమంతా కొలిచి, సాయంత్రం కొలబద్ద ఈడే పెట్టి పోతాను. నువ్వు ఇంటికి తీసుకపోతావు గదప్పా.”

నేను కిటికీ కుట్టించాను. ఆ మూల మూడు వరుసల మొగ్గలు తుంచి పారేయించి, మిగతా వాటికి మందు కొట్టించాను. నారాయణప్పకు మందు మునెమ్మే రాసింది: దినమూ పొద్దున అటు తిరిగి, వాని పూలు బాగుండనీ అనుకోవాలి. ఎదుటివాడి మేలు చూసి సంతోషపడటాన్ని వాళ్లు ముదిత అంటారట. మొదటిరోజు ఆయన ఆముదం తాగినట్టు అన్నాడు. వారం తిరిగేసరికి పక్కతోటకే పోయి, కాడలు అంత పొడుగు ఎట్లా వస్తాయని అడిగాడు. వెంకటేశప్ప దాచకుండా చెప్పాడు. గేటు ఇన్నాళ్లూ తెరిచే ఉందట.

మూడు వరుసలు పోయాయి. మిగతా కోత విమానం ఎక్కింది.

నేనేమీ మారిపోలేదు. నాతో చదివినవాడి బెంగళూరు ఫోటోలు పొద్దున్నే ఫోన్‌లో చూస్తాను. ఆ కిటికీ కుట్టే దారం ఇంకా దొరకలేదు. కాకపోతే, ఇప్పుడు ఏ తోటకు పోయినా ముందు పురుగును వెతకను. కుర్చీ ఎటు తిరిగి ఉందో చూస్తాను.