కాలువ కట్ట మీద లెక్కకు రాని గంటన్నర

"అమ్మాయ్, రెండున్నర కిలోమీటర్లు నడవాలంటే మనిషికి ఎంతసేపు పడుద్ది?" అని అడిగాడు అన్నయ్య ఫోన్‌లో. మంచీ లేదు, చెడ్డా లేదు, ఎత్తుకోవడమే ఆ ప్రశ్న.

"ఏ మనిషికి?" అన్నాను.

అన్నయ్య గొంతు తగ్గించి, "నాన్నకి" అన్నాడు.

నేను నరసరావుపేటలో డ్రిల్ టీచర్ని. ఆదివారాలు ఆడపిల్లల్ని వెంటేసుకుని కోటప్పకొండ మెట్లెక్కిస్తుంటాను, చుట్టుపక్కల గుట్టలు తిప్పుకొస్తుంటాను. మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు నా కాళ్ళతో లెక్కేసి, పదింటికల్లా వచ్చేస్తామని తల్లిదండ్రులకు చెప్పాను. వచ్చేసరికి మిట్టమధ్యాహ్నమైంది. గేటు దగ్గర వాళ్ళు పెట్టిన చీవాట్లతో నాకొక సంగతి తెలిసింది. గుంపు నడక అంటే అందరికన్నా వెనకున్న పిల్ల నడక. ఆ తర్వాత నేను చెప్పిన టైము పెద్దగా తప్పలేదు. అందుకే ఇంట్లో నన్ను నడకల పంతులమ్మ అని వెక్కిరిస్తారు. అన్నయ్య అప్పుడు మాత్రం వెక్కిరించడానికి ఫోన్ చెయ్యలేదు.

గురజాలకీ రెంటచింతలకీ మధ్య మా ఊరు. నాన్నకు డెబ్బై దాటాయి. పొలమంతా కౌలుకిచ్చాక బోరు కింద ఎకరం నిమ్మతోట మిగిలింది. రోజూ తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరి, కాలువ కట్ట మీదుగా తోటకు పోయి, మోటారు వేసి చెట్లకు నీళ్ళు పెట్టి రావడం ఆయన పని. ఎనిమిదిన్నరకు గానీ ఇంటికి రావడం లేదన్నది అన్నయ్య ఫిర్యాదు.

"మూడున్నర గంటలు ఏం చేస్తన్నాడు? అడిగితే పొలానికి పొయ్యొచ్చా అంటాడు. మీ వదిన టీ ఫ్లాస్కు ఇస్తంటే, రెండు గ్లాసులు పెట్టించుకు పోతన్నాడంట. ఒక్కడికి రెండు గ్లాసులెందుకు?"

అన్నయ్య ఆ ఏడాది సర్పంచిగా నిలబడాలనుకుంటున్నాడు. రాత్రి మా వరండాలో అనుకున్న మాట తెల్లారేసరికి అవతల పార్టీ వాళ్ళ చెవిన పడుతోందట. రెండో వార్డులో ఎవరింటికి వెళ్ళాలనుకున్నా వాళ్ళు ముందే వెళ్ళి కూర్చుంటున్నారట. నాన్నను అనుమానిస్తున్నానని నోటితో అనలేదు. "నువ్వొచ్చి చూడు" అన్నాడంతే.

సెలవులివ్వగానే వెళ్ళాను. ఆ సాయంత్రం మంచం పక్కన కూర్చుని, మాటల్లో మాటగా అడిగాను.

"తోటకు ఎంతసేపు పడతంది నాన్నా?"

"అరగంట" అన్నాడు. నా ముఖంలోకి చూసి, "ముప్పావుగంట అనుకో" అని సర్దాడు. అడగని సవరణ ఎవరైనా చేస్తే నాకు అనుమానం వస్తుంది. బళ్ళో పిల్లలు కూడా అలాగే దొరికిపోతారు.

మర్నాడు సాయంత్రం నేనొక్కదాన్నే నడిచి చూశాను. సరిగ్గా అరగంట పట్టింది. నాన్నకు ముప్పావుగంటే వేసుకున్నాను. రానూపోనూ గంటన్నర, తోటలో ఓ అరగంట. ఏడింటికి ఇంట్లో ఉండాలి. ఎనిమిదిన్నరకు వస్తున్నాడంటే గంటన్నర ఎక్కడికో పోతోంది. ఆ రాత్రి అన్నయ్యకు అదే చెప్పాను. "నేననుకున్నదే" అన్నాడు. ఆ మాటలో సంతోషం లేదు.

తర్వాతి రోజు తెల్లవారుజామున నాన్న వెనకాలే బయల్దేరాను. ఎండాకాలం కాలువలో నీళ్ళుండవు. ఆయన ఈ కట్ట మీద, నేను తుమ్మచెట్ల చాటున ఆ కట్ట మీద. కన్నతండ్రి వెనక దొంగలా నడుస్తున్నానన్న సిగ్గు మొదటి పది నిమిషాలు ఉంది. తర్వాత సిగ్గుపడే తీరిక కూడా లేకపోయింది. అంత నెమ్మదిగా నడవడం నాకు రాలేదు. రెండడుగులేసి ఆగాల్సి వచ్చేది.

నాన్న రెండొందల అడుగులేస్తాడు, ఆగుతాడు. ఆగి, ఎవరిదో చేలో ఏదో చూస్తున్నట్టు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడతాడు. ఆ చేలో చూడ్డానికేమీ లేదు, మిరపకట్టె పీకేసిన ఖాళీ నేల. మళ్ళీ రెండొందల అడుగులు, మళ్ళీ ఇంకో ఖాళీ చేను. ఎవరి కోసమో ఎదురుచూస్తూ పొద్దుపుచ్చుతున్నాడనుకున్నాను.

అనుకున్నట్టే వంతెన దగ్గర ఒక మనిషి కలిశాడు. చేతికర్ర, తెల్లపంచె. దగ్గరికొచ్చేదాకా పోల్చుకోలేదు. పోల్చుకున్నాక నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఆయన అవతల పార్టీ పాత సర్పంచి. నా చిన్నప్పుడు ఎన్నికల రోజున మా వాళ్ళూ వాళ్ళూ తలలు పగలగొట్టుకున్నారు. గురజాల కోర్టులో ఏళ్ళ తరబడి వాయిదాలు నడిచాయి. చివరికి రాజీ అయింది గానీ, వాళ్ళ గడప మేం తొక్కలేదు, మా గడప వాళ్ళు తొక్కలేదు. వాళ్ళింట్లో పెళ్ళయితే మా నాన్న ఊళ్ళో కూడా ఉండేవాడు కాదు.

ఇద్దరూ పలకరించుకోలేదు. నాన్న కదిలాడు, ఆయనా కదిలాడు. నాన్న ఆగితే ఆయనా ఆగాడు. అలాగే మా తోట పక్కనున్న తూము దాకా పోయి గట్టు మీద కూర్చున్నారు. ఫ్లాస్కు మూత తీశారు. రెండు గ్లాసులు. పెదాలు కదులుతున్నాయి గానీ, మాట నా దాకా రాలేదు.

ఇంటికొచ్చాక అన్నయ్య అడిగితే, "ఇంకో రోజు చూడాలి" అన్నాను. ఎందుకు దాచానో నాకే తెలియదు. నేను దాస్తున్నానని అన్నయ్య కనిపెట్టాడు. వదినతో ఏదో గొణిగాడు. ఆ రోజంతా ఆ ఇంట్లో ఒకరి ముఖం ఒకరం చూడలేదు.

మర్నాడు వాళ్ళకన్నా ముందే వెళ్ళి, ఎండిన కాలువలోకి దిగి, తూము గోడ పక్కన నక్కాను. ఐదింటికి బయల్దేరిన నాన్న ఆరూ పదికి వచ్చాడు. ఆయనతో వచ్చిన పాత సర్పంచి ఆయాసపడుతూ కూర్చుని, గొంతు సవరించుకుని, "ఏమ్మాయ్, పైకి రా. అక్కడ పాములుంటయ్" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. బట్టలకు మట్టి, జుట్టులో తుమ్మాకు. నాన్న కోప్పడలేదు.

"మీ అన్న పంపాడా?" అన్నాడు పాత సర్పంచి.

"నేనే వచ్చా."

"మా వాడు మొన్న పాలేర్ని పంపాడు. నువ్వే నయం, నడిచొచ్చావు. వాడు బండేసుకొచ్చి పెట్రోలైపోయిందన్నాడు."

నాన్న తన గ్లాసు నాకిచ్చాడు. నేను తీసుకోకుండా నిలదీశాను. "ఊళ్ళో ఇంతమంది ఉండగా ఈయనతోనే ఎందుకు నాన్నా? అన్నయ్యని పిలిస్తే రాడా?"

నాన్న కుడి పిక్క మీద చెయ్యేసి నొక్కుకున్నాడు. "రెండొందల అడుగులేస్తే ఇక్కడ పట్టేస్తది. ఒక నిమిషం నిలబడితే వదిలేస్తది. మీ అన్నతో రెండు రోజులు నడిచా. వాడు ముందుపోయి, నిలబడి ఫోన్ చూసుకుంటా ఉంటాడు. నేను చేరగానే మళ్ళీ బయల్దేరతాడు. ఆగింది వాడు, నేను కాదు. నేను ఆగేదెప్పుడే?"

పాత సర్పంచి ఛాతీ తట్టుకున్నాడు. "నాకిక్కడ. గుంటూరులో స్టెంటేశారు. ఊళ్ళో నా అంత నెమ్మదిగా నడిచేది మీ నాన్నొక్కడే. ఏం చేస్తాం, పాత బాకీలు చూసుకుంటే నడవలేం."

పిల్లల గుంపు నడకంతా లెక్కగట్టేదాన్ని, సొంత తండ్రి విషయంలో నా నడకకే ఓ పావుగంట కలిపి ముప్పావుగంట వేశాను. ఆయన చెప్పిన ముప్పావుగంట కూడా ఎప్పటిదో. పదేళ్ళ కిందటి నడకనే ఆయన ఇంకా తనదని చెప్పుకుంటున్నాడు. నొప్పి సంగతి ఇంట్లో ఎందుకు చెప్పలేదంటే, "చెబితే తోటకు పోనియ్యరు గదా" అన్నాడు.

అన్నయ్యకు అంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. విని, వేళ్ళు మడిచాడు.

"పోను గంటా పది, రాను గంటా పది. తోటలో అరగంట. అంటే ఇంకో నలభై నిమిషాలు కూర్చుంటన్నారు. నీ గంటన్నరలో యాభై నిమిషాలు కాలి నొప్పి అంటే ఒప్పుకుంటా. ఆ నలభై నిమిషాలేంది?"

ఆ లెక్క నాకూ తట్టింది, పైకి అనలేదు.

మర్నాడు తనే వస్తానన్నాడు. ఇద్దరం వెనకాల నడిచాం. రెండుసార్లు మరిచిపోయి ముందుకుపోయాడు, రెండుసార్లూ చెయ్యి పట్టి వెనక్కి లాగాను. వంతెన దగ్గర పాత సర్పంచి కొడుకు బండి స్టాండేసి, దాని మీద కూర్చుని ఉన్నాడు. అన్నయ్యకు వ్యతిరేకంగా నిలబడబోయేది అతనే. అన్నయ్యను చూశాడు. అన్నయ్య అతన్ని చూశాడు. ముందున్న ముసలాళ్ళిద్దరూ తుమ్మచెట్టు కింద ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. వాళ్ళను దాటిపోవడానికి వీళ్ళకు మనసొప్పలేదు, వెనక్కి తిరగడానికి పంతం అడ్డొచ్చింది. చివరికి అన్నయ్యే, "మీ నాయన ట్యాబ్లెట్లు సరిగా వేసుకుంటన్నాడా?" అన్నాడు. "మీ నాయన కాలు ఎవరికైనా చూపించారా?" అన్నాడతను. అంతకుమించి ఏమీ అనుకోలేదు.

ఆ వారమే నాన్నను డాక్టరుకు చూపించాం. కాలి రక్తనాళం పూడుకుపోయిందన్నారు. ఇంకొన్నాళ్ళు అశ్రద్ధ చేస్తే కాలికే ముప్పట. మందులిచ్చి, నొప్పి వచ్చేదాకా నడవమని, వస్తే ఆగి, తగ్గాక మళ్ళీ నడవమని చెప్పారు. "నేను చేస్తంది అదేగా" అని నాన్న గర్వంగా మా వైపు చూశాడు.

ఎన్నికల్లో అన్నయ్య ఓడిపోయాడు. రెండో వార్డే ముంచిందని ఇప్పటికీ అంటాడు. ఫలితం వచ్చిన సాయంత్రం నేను ఫోన్ చేసి నాన్ననే అడిగాను.

"నిజం చెప్పు నాన్నా. మన సంగతులేమన్నా ఆయనకు చెప్పావా?"



"రోజూ నలభై నిమిషాలు కూర్చుంటే ఒక మాటా జారదా అమ్మాయ్? ఆయన నోటినుంచీ జారినయ్. నేను మీ అన్నకు మోసుకు రాలా. ఆయన వాళ్ళబ్బాయికి మోశాడో లేదో నాకు తెలవదు."

ఆ మాట అన్నయ్యకు చెప్పలేదు. ఈ మధ్య నేను ఊరికి వెళ్ళినప్పుడు నాన్న ఐదింటికే లేచి చెప్పులేసుకుంటున్నాడు. వదిన ఫ్లాస్కు నింపి ఇచ్చింది. అన్నయ్య వరండాలో పేపరు చదువుతూ, తలెత్తకుండానే, "ఆ రెండో గ్లాసాయనకి చక్కెర వెయ్యొద్దన్నారంట, చూసుకో" అన్నాడు. ఆ సంగతి అన్నయ్యకు ఎవరు చెప్పారో నేను అడగలేదు.