కాలు ఆనే చోటు

కృపావతి ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. ఆమె నడిపే బండి సీటు ఆమె నడుము దాటి ఉంటుంది. బరువు రెండు వందల కిలోల పైమాట. కొండలూ గుట్టలూ ఎక్కడానికని ఎత్తుగా చేసిన ఆ మోటారుసైకిళ్లని అడ్వెంచర్ బళ్లంటారు. చక్రం తిరుగుతున్నంతసేపూ ఆమెకి ఏ ఇబ్బందీ లేదు, పొట్టివాళ్లకైనా పొడుగువాళ్లకైనా బండి ఒకేలా పోతుంది. చిక్కంతా ఆపేటప్పుడే. రెండు కాళ్లూ ఒకేసారి నేలకి ఆనవు. కుడికాలు బ్రేకు మీద ఉంచి, సీటు మీద ఎడమకి జరిగి, ఎడమకాలి మునివేళ్లు ఆనించి నిలబెట్టాలి. ఆ వైపు నేల జానెడు పల్లంగా ఉందా, బండి పోయినట్టే.

అరకులో శ్రీనివాసరావు షెడ్డుకి ఆమె మొదట వచ్చింది బళ్లు కడగడానికి. ఆయనది అనకాపల్లి. వైజాగ్ నుంచీ హైదరాబాదు నుంచీ వచ్చే టూరిస్టులకి బళ్లు అద్దెకిచ్చి, ముందొక మనిషిని పెట్టి కొండలు తిప్పుతాడు. పొద్దున్నే బళ్లని షెడ్డులోంచి బయటికి తోసేది కృపావతే. తోసీ తోసీ ఒకరోజు ఎక్కింది. ఎక్కిన ఆ రోజే పడింది. ఆ తర్వాత ఎన్నిసార్లు పడిందో ఆమె మోకాళ్లని అడగాలి. సీటు కొంచెం దింపించమంటే శ్రీనివాసరావు ఒప్పుకోలేదు. రేపు ఆరడుగులవాడొచ్చి అదే బండి అడిగితే ఏం చెప్పమంటావని ఆయన వాదన. సరేనని ఆమె బండిని వదిలేసి దారిని పట్టుకుంది. అనంతగిరి చుట్టుపక్కల ఏ మలుపులో ఎడమవైపు గట్టుంది, ఏ కల్వర్టు దగ్గర నేల చదునుగా ఉంది, అన్నీ కంఠతా పట్టింది. ఆపాలనుకున్న చోటు రాకముందే ఆమె కాలికి తెలిసిపోయేది.

నాలుగేళ్లు గడిచాక, గెస్టులకి దారి చూపించే ముందు బండి ఆమెకిచ్చాడు, అదీ ఒక షరతు మీద.

"బండికి గీత పడితే నేను చూసుకుంటాను కృపా. గెస్టుల ముందు మాత్రం ఒక్కసారి పడేశావంటే, మళ్లీ నీళ్ల పైపు పట్టుకోవడమే," అన్నాడు.

ఆమె తలూపింది.

మొదటి ట్రిప్పు చైత్రమాసంలో పడింది. ఆరుగురు గెస్టులు. వాళ్లలో దేవీప్రసాద్ అని ఆరడుగుల పైచిలుకు మనిషి, బ్యాంకులో పెద్ద ఉద్యోగి. కృపావతిని చూడగానే, ముందు బండి మీద హెల్మెట్టు ఒక్కటే వెళ్తోందేమిటన్నాడు. అందరూ నవ్వారు, మర్యాదకి కృపావతి కూడా నవ్వింది. వెనక సామాన్ల జీపులో శ్రీనివాసరావు వస్తున్నాడు. జీపు నడిపేది డ్రైవరు వంశీ. మొదటి రోజు కదా, కళ్లతో చూడాలని ఆయన పట్టు.

చైత్రమంటే గిరిజన గూడేల్లో ఇటుకల పండగ రోజులు. మగాళ్లు వేటకని అడవికి పోతారు. ఆడవాళ్లు దారికడ్డంగా వెదురు కర్ర పట్టి, వచ్చే పోయే బళ్లని ఆపి పండగ డబ్బులు అడుగుతారు. ఎంతిచ్చినా పరవాలేదు, ఇవ్వకుండా కర్ర దాటితే మాత్రం ఊరిని అవమానించినట్టే. కృపావతి ఇంట్లోవాళ్లు చర్చికి వెళ్తారు. అయినా చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊళ్లో ఆ కర్ర పట్టుకుని గంతులేసిన పిల్లే ఆమె. కర్ర ఎప్పుడూ కల్వర్టు దగ్గరే పడతారు, అక్కడ నేల అరచెయ్యిలా ఉంటుంది. అందుకే గెస్టులకి చిల్లర జేబులో పెట్టుకోమని చెప్పి, కల్వర్టు దగ్గర ఆగుదామంది. అంత బాగా తెలుసుననుకోవడమే ఆమె చేసిన తప్పు.

కల్వర్టు దగ్గర బళ్లు జోరుగా తప్పించుకు పోతున్నాయని, ఈ ఏడు వాళ్లు కర్రని మలుపు మీదికి మార్చారు. కల్వర్టుకి ఇవతలి దిగుడు మలుపు తిరగ్గానే ఇరవై బారల దూరంలో కర్ర, దాని వెనక పదిమంది ఆడవాళ్లు, వాళ్ల ముందు కృపావతి పిన్ని అప్పలనర్సమ్మ.

దారి దిగుడుగా ఉంది. పైగా ఎడమకి, లోయవైపుకి వాలి ఉంది. దాని మీద కొట్టుకొచ్చిన గులకరాళ్లు. ఎడమకాలు దింపితే కింద ఏమీ తగలదు. ముందు బ్రేకు నొక్కితే రాళ్ల మీద చక్రం జారుతుంది. కుడికాలు వెనక బ్రేకు మీదినుంచి తీస్తే బండి కర్ర మీదికే పోతుంది. గట్టుకీ కర్రకీ మధ్య ఒక బండి దూరే సందుంది. దూరిపోతే ఉద్యోగం నిలుస్తుంది, కానీ పిన్ని ముఖం మళ్లీ ఎలా చూడను అనుకుంది.

కుడివైపు కొండకి ఆనుకుని ఒక రాయి పొడుచుకు వచ్చి ఉంది. ఎడం చెయ్యెత్తి వెనకవాళ్లని పైనే ఆగమని సైగ చేసి, బండిని అటు తిప్పింది. మొదటి గేరు. క్లచ్ ముట్టుకోలేదు. వెనక బ్రేకు మీద మనిషి నడకంత నెమ్మదికి తెచ్చి, రాయి పక్కకి రాగానే కుడి బొటనవేలితో ఎర్ర స్విచ్ నొక్కింది. ఇంజను చచ్చింది. గేరులోనే ఉన్న చక్రం గుంజుకుని ఆగింది. ఆ క్షణంలోనే కుడికాలు బ్రేకు వదిలి రాయి మీద పడింది. బండి నిలబడింది.

"ఏటే గుంటా, అందరికీ నువ్వే ఇత్తావా, ఒక్కొక్కలూ ఇత్తారా?" అంది అప్పలనర్సమ్మ నవ్వుతూ.

ముందొచ్చి బండి పట్టుకోమని కృపావతి చెప్పబోయింది. అంతలో దేవీప్రసాద్ వచ్చాడు. ఐదుగురూ పైన ఆగారు గానీ ఈయన ఆగలేదు. ఎడమవైపు ఖాళీగా ఉంది కదా అని దర్జాగా బండిని ఆమె పక్కకి తెచ్చి, ఊళ్లో ఆపినట్టే తన పొడుగాటి ఎడమకాలు చాపాడు. కాలి కింద రాళ్లు జారాయి. మనిషీ బండీ లోయవైపుకి ఒరిగిపోయి దారి అంచున పడ్డారు. ఆయన కాలు బండి కింద ఇరుక్కుంది. ముందు చక్రం సగం గాల్లో ఉంది. వెనక చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

ఆడవాళ్లు కర్ర పారేసి పరుగెత్తారు. పాపం, సాయానికే వచ్చారు గానీ ఎక్కడ పట్టాలో తెలియదు. ఇద్దరు హ్యాండిల్ పట్టి లాగేసరికి బండి ఇంకో జానెడు అంచుకి జారింది. దేవీప్రసాద్ కేక పెట్టాడు. తొలి ఇద్దరి వెనకే మిగతావాళ్లూ లాగబోతున్నారు.

కృపావతి తన బండి వదిలి దిగలేదు. స్టాండు ఎడమవైపుంది, ఆ పల్లంలో వేస్తే బండి నిలబడదు. పట్టుకునేవాళ్లంతా అక్కడున్నారు. వదిలిందంటే రాయి మీద పడుతుంది. తల తిప్పితే మలుపు మీదికి జీపు వస్తోంది. అద్దం వెనక శ్రీనివాసరావు సూటిగా ఆమెనే చూస్తున్నాడు. నాలుగేళ్ల కష్టం. ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఆ పొడుగు మనిషి మీద, రూలు పెట్టిన మనిషి మీద.

వదిలేసింది. రాయి మీద పడ్డ చప్పుడు వెనక్కి చూడకుండానే వింది.

ముందు దేవీప్రసాద్ బండి తాళం తిప్పి ఇంజను ఆపింది. బండికి వీపు ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్ కొస, ఇంకో చేత్తో సీటు కింది కమ్మీ పట్టి గొంతుక్కూర్చుంది. "లాగొద్దు పిన్నీ. ఆ కమ్మీ పట్టుకుని, నేను లెగమంటే లెగండి," అంది. కాఫీ బస్తా లేపినట్టు తొడలతో లేచింది. బండి మూరెడు లేచింది. పైనుంచి దిగొచ్చిన గెస్టులు ఆయన్ని చంకల కింద పట్టి బయటికి లాగారు. బూటు చీరుకుపోయింది, మడమ వాచింది, ఎముక మాత్రం దక్కింది.

శ్రీనివాసరావు ఆయన కాలు చూశాడు, జీపులో కూర్చోబెట్టించాడు. తర్వాత రాయి మీద పడున్న బండి చూశాడు. అద్దం పగిలింది, ట్యాంకు సొట్టపోయింది. గొంతు పెంచలేదు. "నువ్వు జీపులో కూర్చో కృపా. ఇక్కణ్ణుంచి ముందు నేను పోతాను," అన్నాడు. ఆమె హెల్మెట్టు తీసి జీపు వైపు నడిచింది.

ఆడవాళ్లు పట్టుకుని కృపావతి బండి లేపారు. శ్రీనివాసరావు ఎక్కి, వదలండి అన్నాడు. వదిలారు. ఆయన ఎడమకాలు నేల కోసం వెతికింది. ఆయనా అయిదడుగుల నాలుగే. కాలు గాల్లో ఊగింది, బండి లోయవైపుకి వాలింది.

"కృపా, పట్టుకో. పట్టుకో!"

ఆమె అప్పటికే పరుగెత్తుకొచ్చి ఎడమవైపు భుజం మోపింది. కుడికాలు రాయి మీద పెట్టమంది. ఆయన పెట్టాడు. ముఖం పాలిపోయింది, చేతులు హ్యాండిల్‌ని వదలడం లేదు. దిగలేడు, కదల్లేడు. కాసేపటికి తలొంచి కిందికి చూశాడు. రాళ్ల మీద దేవీప్రసాద్ బండి గీసిన గీత అడ్డదిడ్డంగా అంచు దాకా పోయింది. కృపావతి టైరు గుర్తు మాత్రం తిన్నగా వచ్చి తన కాలి కింది రాయి పక్కన ఆగింది.

"ఇక్కడ ఒక్కదానివే ఆపావా?" అని అడిగాడు.

"ఆపాను సార్."

ఆడవాళ్లొచ్చి బండి పట్టుకున్నాక ఆయన ఆమె భుజం పట్టుకుని దిగాడు. నిలబడ్డ ఐదుగురు గెస్టుల వైపు తిరిగాడు.

"ఆవిడ ఎక్కడ ఆపితే మీరూ అక్కడే ఆపండి. చెయ్యెత్తితే వెనకే ఉండిపోండి. నేను జీపులో వస్తాను," అన్నాడు.