బాజీ చేలో తూర్పారపట్టిన విమానం

ఆ రోజుల్లో మా రంగూన్‌లో చదువుకునే పిల్లలకి తీరికకి మాత్రం కొదవ లేదు. ప్రభుత్వం మీద మా ఊరేగింపులు, మా మీద సైన్యం కాల్పులు అన్నీ అయ్యాక కాలేజీల గేట్లకి తాళాలు పడ్డాయి. ఎప్పుడు తీస్తారో వేసినవాళ్ళకే తెలియదు. నాతో చదివినవాళ్ళలో కొందరు జైలుకి, కొందరు సరిహద్దు అడవులకి వెళ్ళిపోయారు. ఇంజనీరింగ్ మూడో ఏట ఆగిపోయిన నేను ఇంట్లో కూర్చుని, పప్పు ఎందుకు ఉడకడం లేదో కాగితం మీద లెక్క కట్టి అమ్మకి వివరించే దశకి చేరుకున్నాను. (పప్పు మాత్రం ఉడికేది కాదు.) చివరికి అమ్మ నన్ను మా చిన్నాన్న వెంట దలాకి తరిమింది. "ఆ యంత్రం కాడికెల్లి సెప్పు నీ లెక్కలు. దానికి సెవులు లేవు" అంది.

ఆ యంత్రం విమానం. చిన్నాన్న రైలు వర్క్‌షాపులో ఫిట్టరు. సెలవు దొరికినప్పుడల్లా ఫెర్రీ ఎక్కి నది దాటి, దలాలో ఒక ముసలి రైతు పాకలో, ఒక్క మనిషి కూర్చునే విమానాన్ని తొమ్మిదేళ్ళుగా కడుతున్నాడు. ఆ రైతుని ఊరంతా బాజీ అనేది, బర్మా మాటలో పెదనాన్న అని. రెక్కలకి మల్లుగుడ్డ, ముందు పంకాకి టేకు చెక్క. ఇంజను మాత్రం, దేశంలోకి గుండుసూది రావడమే గగనమైన ఆ కాలంలో, ఓడలో పనిచేసే స్నేహితుడొకడు తెచ్చిచ్చిన జపాన్ కారుది. దానికి టర్బో ఉంది. ఇంజను వదిలే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇంకో చక్రాన్ని తిప్పి ఇంజనులోకి గాలిని బలవంతంగా కూరుతుంది. అన్నం వద్దంటున్నా కుక్కి పెట్టే అత్తగారన్నమాట.

మింగళ తౌంగ్‌న్యున్‌ పేటలో టీకొట్టు నడిపే మా పిన్ని ఆ ఏడు గడువు పెట్టేసింది. "వాన పడి బాజీ దుక్కి దున్నీలోగా అది నేల ఇడిసిందా సరే. నేదా, ఇంజను పడవోళ్ళకి అమ్మీవాల, నువ్వు ఇంటికి రావాల" అంది. చిన్నాన్న ఆవిడ నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. అప్పటికి వానలకి మూడు వారాలుంది.

ఇంజను జబ్బు ఇది: సగం వేగం దాకా హాయిగా పాడేది. పూర్తిగా తెరవగానే ఆయాసపడి, నల్లటి పొగ కక్కి, చతికిలబడేది. "ఏటే గుంటా, ఏటయినాది దీనికి?" అన్నాడు చిన్నాన్న. "పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ" అన్నాను, నాడి పట్టిన వైద్యుడిలా. ఆ మాట నిజమే. గాలి ఎందుకు తక్కువో తేలడానికే పద్దెనిమిది రోజులు పట్టింది. ప్లగ్గులు విప్పి తోమాను. కార్బురేటరు మూడుసార్లు విప్పాను. (ఒకసారి బిగించాక ఒక స్క్రూ మిగిలింది. అది దేనిదో ఇప్పటికీ తెలియదు.) ఒత్తిడి మితిమీరకుండా చూసే వాల్వు ఇరుక్కుందేమోనని కిరసనాయిల్లో నానబెట్టాను. చిన్నాన్న చెయ్యి పడ్డ ప్రతి భాగాన్నీ అనుమానించి, నోటు పుస్తకంలో నేరస్తుల పట్టికలా రాసుకున్నాను. పాపం ఆయన, "అది నాను సరిగ్గానే బిగించేనే" అని గొణుగుతూనే మళ్ళీ విప్పేవాడు.

పద్దెనిమిదో రోజు పొద్దున ఇంజను మోగుతుండగా గట్టు మీద నలుగురు సైనికులు కనిపించారు. అదృష్టవశాత్తు రెక్కలు విప్పి పాక పైకప్పు కింద కట్టి ఉన్నాయి. వాళ్ళ నాయకుడు వచ్చి పంకా కేసి చూసి, "లేయిన్‌బ్యాన్ లా?" అన్నాడు. విమానమా అని.  ఇంజను ఆపేద్దామని చిన్నాన్న చెయ్యి చాచాడు. బాజీ మాత్రం తాపీగా చేట తీసుకుని, "ధాన్యం తూర్పారపట్టే పంకా" అని బర్మాలో చెప్పి, పంకా వెనక నిలబడి, పూర్తి వేగం పెట్టమని చిన్నాన్నకి సైగ చేశాడు. నేను భయంతో ఇంజను పక్కన, నేల మీద గొంతుక్కూర్చున్నాను.

ఎప్పుడూ వేగం చూపించే డయలు ముందు దర్జాగా నిలబడేదాన్ని, ఇంజనుని ఆ పక్కనుంచి చూడటం అదే మొదటిసారి. వేగం పెరిగింది. నా కళ్ళ ముందు, టర్బోలోకి గాలి వెళ్ళే నల్ల రబ్బరు గొట్టం మెల్లగా లోపలికి పీక్కుపోయి, పళ్ళు లేని ముసలమ్మ బుగ్గల్లా అతుక్కుపోయి, గాలి దారి మూసేసింది. ఆయాసం, పొగ, అన్నీ వరసగా. వేగం తగ్గగానే గొట్టం ఏమీ ఎరగనట్టు గుండ్రంగా ఉబ్బింది.

ఈలోగా బాజీ పోసిన ధాన్యం, ఊక, దుమ్ము కలిసి సైనికుల మీద పడ్డాయి. నాయకుడు టోపీ దులుపుకుని, "గాలి బాగుంది, మిషనే బాగాలేదు" అని దగ్గుతూ వెళ్ళిపోయాడు.

ఆ గొట్టం ఎవరు వేశారని చిన్నాన్న అడగలేదు. అడగక్కర్లేదు. వచ్చిన మొదటి రోజే, పగిలిన పాతది తీసేసి, రంగూన్ లత పేట బజారంతా గాలించి మెత్తగా నిగనిగలాడేది కొని తెచ్చి బిగించింది నేనే. నా నేరస్తుల పట్టికలో లేని పేరు అదొక్కటే. "నాదే చిన్నాన్నా తప్పు" అన్నాను. ఆయన చాలాసేపు నవ్వి, "పోనీలేయే. నా మీద పద్దెనిమిది కేసులు కొట్టేసినట్టేనా?" అన్నాడు.

గట్టి గొట్టం ఊళ్ళో దొరికే ఆశ లేదు. సంగతి విని పిన్ని, "ఎంత లావుండాల?" అని అడిగి, మర్నాడు సంచి నిండా ఖాళీ పాల డబ్బాలతో తనే ఫెర్రీ దిగింది. రెండు వైపులా కోసి, సీసం కరిగించి ఒకదానికొకటి మాటు వేసి అతికిస్తే గొట్టం తయారైంది. లోపల ఒక్క మాటు ముక్కయినా మిగిలితే టర్బో చక్రం ముక్కలవుతుంది. అందుకని నేను దాన్ని వేడినీళ్ళతో కడిగి, గుడ్డ దూర్చి తుడిచి, మళ్ళీ కడిగాను. మబ్బులు పడుతున్నాయి.

మర్నాడు తెల్లవారుజామున రెక్కలు బిగించాం. బాజీ మూడు మళ్ళ గట్లు చదును చేసి ఉంచాడు. చిన్నాన్న ఎన్నడూ విమానం నడపలేదు. "పడితేనో?" అంది పిన్ని. "ఎత్తుకెల్లనులేవే. తక్కువెత్తులోనే పడతాను" అన్నాడాయన, ఎక్కుతూ.

అది లేచింది. మనిషెత్తున, రెండు మళ్ళ పొడవునా ఎగిరి, మూడో మడిలో కుంటుతూ దిగింది. పిన్ని ఏడుస్తూ పరిగెత్తింది. బాజీ చేట గిరగిరా తిప్పాడు. సైనికులు మళ్ళీ వచ్చేలోగా, ఆ మధ్యాహ్నమే చిన్నాన్న తన చేత్తోనే రెక్కలు విప్పేశాడు. మా కాలం అలాంటిది.

ఆ ఎగరడం ఎలా ఉందని మా పిల్లలు ఇప్పటికీ అడుగుతారు. సిగ్గు విడిచి చెప్పాలంటే, నేను చూడలేదు. గొట్టం ఆగుతుందో లేదోనని, శబ్దం ఎక్కడ తగ్గుతుందోనని, చెవులు రిక్కించి కళ్ళు గట్టిగా మూసుకున్నాను. శబ్దం తగ్గలేదు. తెరిచేసరికి విమానం నేల మీదుంది. జీవితంలో మా చిన్నాన్న ఎగిరింది ఆ ఒక్కసారే. ఇరవయ్యేళ్ళ ఆ గుంట, అంటే ఆనాటి నేను, మాత్రం అప్పుడు, "చూశారా, ఒక్క క్షణం కూడా ఆయాసపడలేదు!" అని అందరికన్నా గట్టిగా గెంతుతోంది.